బొమ్మల మారుబేరం



2025 డిసెంబరులో మా ఇంట జరిగిన ఒక సంగతి ఈ వ్యాసానికి కారణం. మా పెద్దమ్మాయి కుటుంబం ఇంగ్లండులో, తూర్పు లండన్‌లో ఉంటుంది. క్రిస్మస్ సెలవులకు అందరూ మా ఊరు వచ్చారు. మనుమడికి పదిహేడేళ్ళు. అక్కడే పుట్టి పెరిగినవాడు. తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. క్రిస్మస్ తరువాతి ఆదివారం మా సంఘంలో కోతపండుగ. శనివారం రాత్రి భోజనాలయ్యాక వాడు ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. సంఘ కోశాధికారిని గనుక కానుకలకు రసీదు రాసేది నేనే. విప్పి చూస్తే ఇరవై అయిదు వేల రూపాయలు.

"ఇంత డబ్బు నీకెక్కడిదిరా?" అన్నాను.

"బొమ్మలు అమ్మాను తాతయ్యా."

పక్కనే ఉన్న మా అమ్మాయి ముఖం ముడుచుకుంది. "నాన్నగారూ, ఆ డబ్బు దేవుని పనికి తీసుకోవాలో వద్దో మీరే చెప్పండి. నాకైతే మనసొప్పడం లేదు" అంది.

రాత్రి పదకొండు దాటేవరకు మేము మాట్లాడుకున్నది ఆ విషయమే.

మనుమడు అమ్మినవి లబూబు బొమ్మలు. పట్నాలలో ఉన్న మన పిల్లలకు ఈ పేరు తెలిసే ఉంటుంది. కుందేలు చెవులు, బొచ్చు ఒళ్ళు, నోటినిండా కోరపళ్ళు, సంచికి తగిలించుకునేంత బొమ్మ. హాంకాంగులో పుట్టి నెదర్లాండ్సులో పెరిగిన కాసింగ్ లంగ్ అనే చిత్రకారుడు 2015లో తన బొమ్మల పుస్తకాలకోసం దీనిని ఊహించాడు. 2019 నుండి చైనాకు చెందిన పాప్ మార్ట్ అనే కంపెనీ దీనిని తయారుచేసి అమ్ముతున్నది. 2024లో లీసా అనే ప్రసిద్ధ గాయని ఈ బొమ్మతో కనబడేసరికి దేశదేశాలలో వెర్రి మొదలైంది. ఇది దయ్యపు బొమ్మ అని, ఇంట్లో పెడితే అరిష్టమని ఫోనుల్లో వచ్చిన సందేశాలను మన సంఘాలలో కూడ కొందరు పంచిపెట్టారు. అది వట్టి పుకారు. అసలు చూడవలసిన సంగతి వేరే ఉంది.

ఈ బొమ్మ మూసిన పెట్టెలో వస్తుంది. ఏ రంగుది వస్తుందో విప్పేవరకు తెలియదు. అరుదైన రకం 72 పెట్టెలకు ఒకటి చొప్పున ఉంటుందని చెబుతారు. పిల్లలు లాటరీ కొన్నట్టే కొంటారు. అందుకే 2023లో చైనా ప్రభుత్వం ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు ఇటువంటి మూతపెట్టెలు అమ్మరాదని మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంగ్లండులో ఈ బొమ్మల ధర సుమారు 13 పౌన్ల నుండి 50 పౌన్ల వరకు ఉండేది. కావలసినన్ని దొరక్కపోవడంతో తెల్లవారకముందే దుకాణాల ముందు వరుసలు, తోపులాటలు, కొట్లాటలు. జనం క్షేమం దృష్ట్యా 2025 మే నెలలో ఆ కంపెనీ ఇంగ్లండు దుకాణాలలో వాటి అమ్మకమే కొంతకాలం నిలిపివేసింది. ఆ జూన్‌లో బీజింగులో జరిగిన వేలంలో మనిషి ఎత్తు లబూబు ఒకటి పది లక్షల యువాన్లకు పైగా పలికింది. మన డబ్బులో కోటి దాటిన మాట!

మా వాడి కథ ఆ అమ్మకాలు నిలిచిపోవడానికి కొన్ని వారాల ముందుది. దుకాణంలో ఆ రోజు మనిషికి రెండే అన్నారు. వీడు ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకుని తెల్లవారుజామున నాలుగింటికే వెళ్ళి నిలబడ్డాడు. ముగ్గురి పేర ఆరు బొమ్మలు వచ్చాయి. స్నేహితులకు తలా ఒక పీజా కొనిపెట్టాడు. ఒక్కొక్క బొమ్మ పదిహేడున్నర పౌన్లు. అయిదింటిని అరవై పౌన్ల చొప్పున అమ్మాడు. పెట్టుబడి పోను మిగిలింది 212 పౌన్ల చిల్లర. ఆరవది అమ్ముడుపోలేదు. కంపెనీ తయారీని అనేక రెట్లు పెంచడంతో వేసంగి తరువాత పై ధరలు పడిపోయాయి. అది వాడి పెట్టెలోనే మా ఊరిదాకా వచ్చింది.

"ఇందులో తప్పేముంది తాతయ్యా? నేను దొంగిలించలేదు. అబద్ధం చెప్పలేదు. ఇష్టమైనవాళ్ళే కొన్నారు. అన్నం కాదు, మందులు కాదు, బొమ్మ. అది లేకపోతే ఎవరూ చచ్చిపోరు" అన్నాడు.

వాడి ప్రశ్న కొట్టిపారేయదగింది కాదు. మనకు ఒక దురభ్యాసం ఉంది. లాభం అనే మాట వినగానే సగం మంది అది పాపం అంటాము, మిగతా సగం మంది అది దీవెన అంటాము. రెండూ తొందరపాటే. కొండపల్లి బొమ్మలనే తీసుకోండి. అక్కడి పనివారు తెల్లపొణికి కర్రతో చెక్కిన ఏనుగు అంబారీని ఒకడు కొని, బస్సెక్కి, తిరునాళ్ళలో ఎండలో కూర్చుని అమ్ముతాడు. ఎక్కువకే అమ్ముతాడు. వాడి లాభాన్ని తప్పుపట్టేవారెవరు? మనం కొండపల్లి వెళ్ళే శ్రమ వాడు పడ్డాడు, విరిగితే నష్టం వాడిది. అలాగే పాత సామాన్లలో మట్టికొట్టుకుపోయిన బొమ్మను గుర్తుపట్టి, కడిగి, బాగుచేసి, దాని విలువ తెలిసినవానికి అమ్మినవాడు కూడ లోకానికి ఒక మేలు చేసినట్టే. అతడు లేకపోతే అది చెత్తకుప్పలో ఉండేది. మారుబేరం అనే మాటలోనే నింద లేదు.

అయితే మా వాడు చేసినదానిలో దూరం లేదు, బాగుచేయడం లేదు. అరలో ఉన్న వస్తువు అదే ఊళ్ళో, అదే వారంలో, మూడున్నర రెట్ల ధరకు వీడి చేతిలో ఉంది. వీడు మధ్యలో లేకపోతే ఆ బొమ్మ అమ్ముడుపోకుండా ఉండేదా? వీడి వెనుక నిలబడ్డవారు పదిహేడున్నరకే కొనుక్కునేవారు. సినిమా హాలు దగ్గర బ్లాకులో టిక్కెట్టు అమ్మేవాడిని మనమంతా ఎరుగుదుము. వాడు హాలు కట్టలేదు, సినిమా తీయలేదు. కిటికీకీ మనకూ మధ్య నిలబడ్డాడు, అంతే.

ఈ పిచ్చి ఈనాటిది కూడ కాదు. అమెరికాలో 1983 క్రిస్మస్‌కు క్యాబేజీ ప్యాచ్ అనే గుడ్డబొమ్మలు వచ్చాయి. ఒక్కొక్క బొమ్మకు పుట్టిన తేదీ ధ్రువపత్రం ఇచ్చి, దత్తత తీసుకోండి అని అమ్మారు. దుకాణాలలో తల్లులు ఒకరినొకరు తోసుకున్నారు. పెన్సిల్వేనియాలోని ఒక దుకాణంలో జనాన్ని అదుపుచేయడానికి మేనేజరు బేస్‌బాల్ కర్ర పట్టుకోవలసి వచ్చింది, ఒక స్త్రీ కాలు విరిగింది. 1996లో గిలిగింతలు పెడితే నవ్వే ఎల్మో బొమ్మకోసం జనం ఎగబడి కెనడాలో ఒక దుకాణం గుమాస్తాను తొక్కేశారు. అతని పక్కటెముక విరిగింది. ముప్ఫై డాలర్ల లోపు బొమ్మను పత్రికలలో ప్రకటనలిచ్చి వందల డాలర్లకు అమ్మారు. ఇదంతా రక్షకుని పుట్టుక పండుగ పేర జరిగిందని వేరుగా చెప్పాలా?

అన్నిటికంటె ఆలోచించవలసింది బీనీ బేబీల కథ. టై అనే కంపెనీ 1993లో తెచ్చిన చిన్న జంతువుల బొమ్మలివి. లోపల ప్లాస్టిక్ గింజలు, చెవికి ఎర్రటి గుండె ఆకారపు చీటీ, ధర అయిదు డాలర్లు. ఆ కంపెనీ ఒక ఉపాయం కనిపెట్టింది. పెద్ద దుకాణాలకు ఇవ్వకుండా చిన్న దుకాణాలకు కొద్దికొద్దిగా పంపేది. కొంతకాలానికి ఫలానా బొమ్మ ఇక తయారుచేయము, దానికి విశ్రాంతి ఇచ్చాము అని ప్రకటించేది. అంతే, ఆ బొమ్మ ధర పైకి లేచేది. ఇంటర్నెట్‌లో వేలంపాటలు అప్పుడే మొదలవుతున్న కాలం. ఈబే అనే వేలం కంపెనీ తొలి రోజుల వ్యాపారంలో దాదాపు పదోవంతు ఈ బొమ్మలదేనట. ఏ బొమ్మ ఏ సంవత్సరానికి ఎంత పలుకుతుందో ధరల పుస్తకాలు అచ్చయ్యాయి. చీటీ నలిగితే ధర పడిపోతుందని దానికి ప్లాస్టిక్ తొడుగులు వేశారు, పిల్లలను ముట్టుకోనివ్వలేదు. 1999లో విడాకులు తీసుకున్న ఒక జంట లాస్ వేగాస్ న్యాయస్థానంలో నేలమీద కూర్చుని, జడ్జిగారి ఎదుట, నీకొకటి నాకొకటి అంటూ ఈ బొమ్మలు పంచుకున్న ఫొటో పత్రికలలో వచ్చింది. ఒక తండ్రి తన అయిదుగురు పిల్లల కాలేజీ చదువులకని లక్ష డాలర్ల పైచిలుకు వీటిమీద పెట్టాడు. 1999 ఆగస్టులో కంపెనీ ఏడాది చివరికి అన్నిటి తయారీ ఆపేస్తామంది. తరువాత జనాన్ని ఓటు అడిగి, మళ్ళీ కొనసాగిస్తామంది. ఆ పాటికి మోజు తగ్గింది. ఆ తండ్రి ఇంటి నిండా బొమ్మలే మిగిలాయి.

ఇదంతా చెప్పి, "చూశావా, కొరతను కూడ తయారుచేసి అమ్మవచ్చునన్నమాట" అన్నాను.

వాడు వెంటనే, "అయితే తప్పు కంపెనీది. నన్నెందుకు అంటారు?" అన్నాడు.

కంపెనీ తప్పు కంపెనీదే. కాని వాగులో నీళ్ళు తగ్గితే దానికి అడ్డంగా మరో గట్టు వేసేవాడు, వాన పడలేదు కాబట్టి నా తప్పు కాదు అంటే ఒప్పుకుంటామా? 2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా దొరక్క రైతులు దుకాణాల ముందు చెప్పులు వరుసలో పెట్టి గంటల తరబడి కాచుకున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. ఒక రైతు రెండు బస్తాలకోసం నిలబడి ఉండగా, ఒకడు పదిమంది కూలీలను వరుసలో పెట్టి ఇరవై బస్తాలు పట్టుకుపోయి, ఊరి బయట రెట్టింపు ధరకు అమ్మితే మన ప్రాణం ఎలా ఉడికిపోతుంది! ఎరువులకు, ఆహారపదార్థాలకు 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం ఉంది. బొమ్మలకు అటువంటిది లేదు. అమెరికాలో కంప్యూటర్లతో ఆటల, పాటకచేరీల టిక్కెట్లన్నీ ఊడ్చుకుపోయేవారిమీద 2016లో చట్టం చేశారు. బొమ్మలకు కూడ అలాంటిది కావాలని బిల్లులు పెట్టారు గాని అవి చట్టాలు కాలేదు. కనుక మా వాడు చేసింది నేరం కాదు. మనుమడు అన్నట్టు బొమ్మ లేకపోతే పంట ఎండిపోదు కూడ. యూరియాను, లబూబును ఒకే త్రాసులో పెట్టి తూయడం నాకే సమంజసంగా తోచలేదు.

అప్పుడు వాడు నన్ను ఇరుకున పెట్టే ప్రశ్న ఒకటి వేశాడు.

"తాతయ్యా, నేను చిన్నప్పుడు వచ్చినప్పుడు కోతపండుగ వేలంలో ఒక కోడిపుంజును ఎవరో అయిదు వేలకు పాడారు. బజారులో అది ఎంత చేస్తుంది? మరి అది తప్పు కాదా?"

మా ఆవిడ నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నలభై ఏళ్ళుగా ఆ వేలంపాటలు చూస్తున్నాను. గుమ్మడికాయను, అరటిగెలను, పుట్టెడు గింజల్లో మొదటి మానికను పది రెట్లకు పాడినవారున్నారు. ఆలోచించి చెప్పాను. ఆ పుంజు ధర ఎంతో పాడినవారికి తెలుసు. ఎక్కువ ఇస్తున్నానని తెలిసే ఇచ్చాడు, ఆ ఎక్కువ ఎవరికి పోతుందో కూడ తెలుసు. ఆ రోజు ఊళ్ళో మిగతా కోళ్ళన్నిటినీ ఎవరూ దాచిపెట్టలేదు. వద్దనుకున్నవాడు పక్కింట్లో మామూలు ధరకు కొనుక్కోవచ్చు. నీ దగ్గర కొన్నవాళ్ళకు ఆ వీలుందా?

వాడు కొంచెంసేపు మాట్లాడలేదు.

"నా దగ్గర కొన్నవాళ్ళలో ఎక్కువమంది పెద్దవాళ్ళే తాతయ్యా. వాళ్ళ గురించి నాకు బాధ లేదు. మా వెనక వరుసలో ఒకాయన ఉన్నాడు. భుజంమీద చిన్నపిల్ల నిద్రపోతోంది. నేను బయటికి వచ్చేసరికి ఆ రోజుకు బొమ్మలు అయిపోయాయన్నారు. ఆ పిల్ల అప్పుడే లేచింది" అన్నాడు.

ఈ మాట వాళ్ళమ్మకు కూడ అప్పటివరకు చెప్పలేదట.

చదువరులారా, నాకు సమాధానం దొరికింది అక్కడే, వాడి నోటినుండే. బిగబట్టి ఎక్కువ ధరకు అమ్మేవారినిగూర్చి సామెతలు 11:26 ఏమంటుందో మనకు తెలుసు. ఆమోసు ప్రవక్త వర్తకులను ఎలా గద్దించాడో తెలుసు. ఆ రాత్రి నాకు జ్ఞాపకం వచ్చింది మాత్రం అవి కావు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో పొలంలో మరచిపోయిన పనకోసం వెనక్కి వెళ్ళవద్దని, ఒలీవ చెట్టును రెండోసారి దులపవద్దని, ద్రాక్షతోటలో పరిగె ఏరవద్దని ఉన్న ఆజ్ఞ. అది పరదేశికి, తండ్రి లేనివానికి, విధవరాలికి. ఆలోచించండి. పొలం అతనిదే, పన అతనిదే. తీసుకుంటే దొంగతనం కాదు. అయినా చివరి వెన్నువరకు ఊడ్చుకోవద్దు, నీ వెనుక వచ్చేవారున్నారు అని ఆ ఆజ్ఞ. రూతు బోయజు పొలంలో పరిగె ఏరుకున్న కథ సండేస్కూలు పిల్లలకు కూడ తెలిసిందే. బోయజు తన లాభం మానుకోలేదు. కోత కోశాడు, కళ్ళం తూర్పారబట్టాడు. చేనులో కొంత వదిలాడు.

మా వాడికి అదే చెప్పాను. "నీకొకటి, మీ చెల్లికొకటి కొనుక్కుని ఉంటే, తరువాత అక్కర లేక ఎక్కువ ధర వచ్చినా అమ్ముకుని ఉంటే, నేను ఏమీ అననురా. మనిషికి రెండే అని దుకాణంవారు పెట్టింది వెనకవాళ్ళకోసం. నువ్వు ముగ్గురిని తీసుకెళ్ళి ఆ మాటను తప్పించుకున్నావు. అబద్ధం చెప్పలేదన్నావు గాని, ముగ్గురు కొంటున్నట్టు కనబడి ఒక్కడివే కొన్నావు" అన్నాను.

ఇంకొక మాట కూడ తల్లిదండ్రులకు చెప్పక తప్పదు. ఆ అరవై పౌన్లు ఇచ్చినవాళ్ళు ఉండబట్టే మా వాడి బేరం సాగింది. పొరుగువాడి బిడ్డ సంచికి ఏది వేలాడుతుందో చూసి మన బిడ్డ సంచికి అదే వేలాడాలనుకునే పోటీ లండన్‌లోనే లేదు, మన మండల కేంద్రాలలో కూడ ఉంది. తక్కువకు దొరుకుతుందని నకిలీవి కొనేవారు జాగ్రత్త. ఆ నకిలీ బొమ్మల చిన్న ముక్కలు ఊడి పసిపిల్లల గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉందని 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ భద్రతా సంస్థ హెచ్చరించింది.

ఇక కవరు సంగతి. మా అమ్మాయి, "మొత్తం వెనక్కి తీసుకుని ఎవరికైనా ఇచ్చెయ్" అంటుంది. మా ఆవిడ, "పిల్లవాడు మనస్ఫూర్తిగా తెచ్చాడు, కాదనకండి" అంటుంది. నేను కోశాధికారిగా ఇంతకుముందు ఎన్నో కానుకలు తీసుకున్నాను, అవి ఎలా వచ్చాయని ఎవరినీ అడగలేదు. మద్యం దుకాణం పాటదారుడు ఇచ్చిన సిమెంటు మా గుడి ప్రహరీలో ఉంది. ఆ మాట తలుచుకుంటే మనుమడిముందు పెద్దమనిషిలా కూర్చోవడానికి నాకు కొంచెం సిగ్గువేసింది. ఆ సంగతి వాడికి చెప్పేశాను కూడ.

తెల్లవారి గుడికి బయలుదేరేముందు వాడే వచ్చాడు. కొన్న అయిదుగురిలో ఇద్దరు వాడికి తెలిసినవారట. ఒకరు తోటి విద్యార్థి, తన చెల్లెలి పుట్టినరోజుకని కొన్నాడు. ఇంకొకరు వాళ్ళ వీధిలోనే ఉండే ఒక నర్సు. "వాళ్ళిద్దరి దగ్గర ఎక్కువ తీసుకున్నది వెళ్ళగానే తిరిగి ఇచ్చేస్తాను. మిగతా ముగ్గురు ఎవరో నాకు తెలియదు" అని పదివేలు తీసి జేబులో పెట్టుకున్నాడు. మిగిలిన పదిహేను వేలకు నేను రసీదు రాశాను. పాస్టరు అయ్యగారికి విషయమంతా ముందే చెప్పి, ఆయన సరేనన్నాకే రాశాను.

ఆ మధ్యాహ్నం వేలంలో కొబ్బరికాయలు, కందులు, బెల్లం, రెండు కోళ్ళు అయ్యాక వాడు తన ఆరవ బొమ్మను తెచ్చి బల్లమీద పెట్టాడు. పెట్టె విప్పి ఉంది. వేలం పాడే పెద్దాయన దానిని తిప్పితిప్పి చూసి, "దీనికి పళ్ళెక్కువ, ముఖం తక్కువ. పాట యాభై!" అన్నాడు. సంఘమంతా గొల్లుమంది. వందదాకా ఎవరూ నోరు విప్పలేదు. చివరికి ట్రాక్టరు తోలే అబ్బాయి ఒకడు కూతురు పోరు పడలేక రెండు వందలకు పాడాడు. మా వాడు వేళ్ళమీద లెక్కపెట్టి, "రెండు పౌన్లు కూడ కాదు తాతయ్యా" అని నా చెవిలో అన్నాడు. నేను రెండు వందలకు రసీదు చింపి ఇచ్చేసరికే ఆ పిల్ల దానిని తన స్కూలు సంచికి తగిలించుకుని బయట మిగతా పిల్లలకు చూపిస్తున్నది.